బెన్నర్లీ వంతెన ఎందుకు మిగిలింది?

ఇంగ్లండ్‌లో ఎరివాష్ లోయ మీదుగా గ్రేట్ నార్తర్న్ రైల్వే 1876-77లో కట్టించిన బెన్నర్లీ వంతెనకు ఇనుము వాడింది ప్రధానంగా బరువు తగ్గించుకోవడానికి. ఆ లోయ కింద బొగ్గు గనులున్నాయి. బొగ్గు తవ్వేసిన చోట పైనేల కుంగుతుంది. ఇటుక కమానులు కడితే ఒక్క స్తంభం కాస్త దిగినా కమాను నెర్రెలిస్తుంది, పైగా దాని బరువే నేలను మరింత నొక్కుతుంది. అందుకే ఇంజనీరు రిచర్డ్ జాన్సన్ 16 అంకణాల వంతెనను, సుమారు 440 మీటర్ల పొడవున, సన్నని ఇనుప గొట్టాల స్తంభాల మీద నిలిపాడు. ఆ గొట్టాలూ, పైనున్న త్రికోణాల గర్డర్లూ చేత ఇనుమువి. పోత ఇనుము ఎందుకు కాదంటే, అందులో కార్బన్ ఎక్కువ కాబట్టి నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే పుటుక్కున విరుగుతుంది. స్కాట్లండ్‌లో 1879లో కూలిన టే రైలు వంతెనలో పోత ఇనుప స్తంభాలకు అడ్డకమ్మీలు బిగించిన చోట్లే బలహీనమని విచారణలో తేలింది. చేత ఇనుములో కార్బన్ అత్యల్పం, చిట్టెం సన్నని పోగులుగా సాగి ఉంటుంది. అందువల్ల అది తెగేముందు వంగుతుంది, సాగుతుంది. కుంగే నేలకు కావలసింది అదే. ఉక్కు వాడవచ్చు కదా అంటే, బ్రిటన్‌లో వంతెనలకు ఉక్కును అనుమతించిందే 1877లో.

1968లో లైను మూతపడ్డాక వంతెన తుక్కుగా మారకపోవడానికీ ఈ లోహమే కారణమని తరచూ చెబుతారు. ఉక్కును కోసినంత సులువుగా గ్యాస్ కట్టర్‌తో దీన్ని కోయలేరు, ముక్కముక్కా విప్పాలంటే ఖర్చు తడిసిమోపెడవుతుంది. ఈ మాట సగమే నిజం. వేల్స్‌లోని క్రమ్లిన్ వంతెన గర్డర్లూ చేత ఇనుమువే, ఎత్తులో అది దీనికి మూడింతలు. అయినా 1966-67లో దాన్ని విప్పేశారు. కనుక చేత ఇనుము బెన్నర్లీకి సంపాదించిపెట్టింది గడువు మాత్రమేనని నా అభిప్రాయం. ఖర్చు చూసి వెనకాడుతుండగానే 1970లలో అది చట్టరక్షణ గల కట్టడాల జాబితాలో చేరింది, కూల్చేందుకు అడిగిన అనుమతి దక్కలేదు. అలాగైతే ఘనతంతా చట్టానిదే అనవచ్చు. కానీ చట్టం కూల్చివేతను ఆపగలదే గాని తుప్పును ఆపలేదు. దశాబ్దాలు ఎవరూ పట్టించుకోకపోయినా మరమ్మతు చేసే స్థితిలో వంతెన మిగలడం లోహం చలవే. అలా బాగుచేసి 2022 జనవరిలో పాదచారులకూ సైకిళ్లకూ తెరిచారు. బ్రిటన్‌లో ఈ తరహా చేత ఇనుప రైలు వంతెన ఇంకొక్కటే ఉంది, డెవన్‌లోని మెల్డన్. దాని మీదా ఇప్పుడు తిరిగేది పాదచారులూ సైకిళ్లూనే.