60 సర్వర్లని 4 కి కుదిస్తే ఏమవుతుంది? సర్వర్ కన్సాలిడేషన్ ప్లానింగ్ లో నేను తప్పిన లెక్క

డ్యూయల్ సిమ్ ఫోన్లు రాకముందు ఆఫీస్ కి ఒక ఫోన్, ఇంటికి ఒక ఫోన్ జేబులో వేసుకుని తిరిగిన వాళ్ళు మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. డ్యూయల్ సిమ్ వచ్చాక రెండు ఫోన్లు, రెండు ఛార్జర్ల గోల పోయింది. బాగానే ఉంది. కానీ ఆ ఒక్క ఫోన్ ఆటోలో మర్చిపోతే? రెండు నంబర్లూ ఒకేసారి పోయినట్టే. బ్యాంక్ ఓటీపీ వచ్చే నంబరూ అందులోనే, "ఫోన్ పోయింది" అని చెప్పడానికి పనికొచ్చే నంబరూ అందులోనే.

పెద్ద కంపెనీల డేటా సెంటర్లలో జరిగే సర్వర్ కన్సాలిడేషన్ కూడా ఇలాంటిదే. చాలా మెషీన్లలో ఉన్న పనిని కొన్ని మెషీన్లలోకి సర్దడం. కరెంటు మిగులుతుంది, చోటు మిగులుతుంది, డబ్బు మిగులుతుంది. దాంతో పాటు ఒక మెషీన్ పడిపోతే జరిగే నష్టం కూడా పెరుగుతుంది.

రివ్యూలు రాయడం మొదలుపెట్టక ముందు నేను హైదరాబాద్ లో ఒక కంపెనీ డేటా సెంటర్ టీమ్ లో పనిచేశాను. 60 సర్వర్లని 4 కి కుదించే ప్రాజెక్ట్ లో లెక్కల ఎక్సెల్ షీట్ నాదే. ఆ షీట్ లో నేను చేసిన తప్పు వల్ల ఒక నెల చాలామందికి జీతాలు ఒక రోజు ఆలస్యంగా పడ్డాయి. ఆ తప్పు ఏంటో, అసలు ప్లాన్ ఎలా వేసుకోవాలో ఈ ఆర్టికల్ లో చూద్దాం.

అసలు ఇన్ని సర్వర్లు ఎందుకు పోగయ్యాయి?

ఒకప్పుడు ఒక అప్లికేషన్ కొంటే దానికి ఒక సర్వర్ కొనేవాళ్ళు. ఒకే మెషీన్ లో రెండు అప్లికేషన్లు పెడితే ఒకదాని అప్‌డేట్ ఇంకోదాన్ని పాడుచేస్తుందని భయం. అలా ఏళ్ళ తరబడి పోగుపడుతూ పోయాయి. ఇది మన దగ్గరే కాదు. అమెరికా ప్రభుత్వానికి 1998 లో 432 డేటా సెంటర్లు ఉంటే 2009 కి అవి 1,100 దాటాయి. అందుకే 2010 లో అప్పటి ఫెడరల్ సీఐఓ వివేక్ కుంద్రా హయాంలో వాటిని తగ్గించడానికి ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే మొదలుపెట్టారు.

పోగైన సర్వర్లు పని చేస్తున్నాయా అంటే, పెద్దగా లేదు. గూగుల్ ఇంజినీర్లు బరోసో, హోల్జ్‌ల 2007 లో రాసిన పేపర్ ప్రకారం సర్వర్లు ఎక్కువ సమయం 10 నుంచి 50 శాతం లోడ్ మధ్యే నడుస్తాయి. దాదాపు ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నా ఫుల్ పవర్ లో సగం వరకు తాగేస్తాయి. మీ ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి టేబుల్ మీద పెడితే సాయంత్రానికి బ్యాటరీ సగం అయిపోయిందనుకోండి, ఎలా ఉంటుంది? అదీ పరిస్థితి.

వర్చువల్ మెషీన్ అంటే

దీనికి మందు వర్చువలైజేషన్. ఒక పెద్ద సర్వర్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ని వేస్తే, అది ఆ సర్వర్ ని చాలా చిన్న కంప్యూటర్లుగా పంచి చూపిస్తుంది. ఒక్కోదాన్ని వర్చువల్ మెషీన్, పొట్టిగా వీఎం అంటాం. ప్రతి వీఎం లో దాని ఆపరేటింగ్ సిస్టమ్ దానికే ఉంటుంది. ఒకటి క్రాష్ అయినా పక్కది నడుస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు, ఐబీఎం 1972 లోనే మెయిన్‌ఫ్రేమ్ మీద వీఎం/370 ని తెచ్చింది. మామూలు ఇంటెల్ సర్వర్ల మీదకి వీఎంవేర్ 2001 లో ఈఎస్ఎక్స్ తో తీసుకొచ్చింది. 2005 లో ఇంటెల్ ప్రాసెసర్ లోనే దీనికి సపోర్ట్ ఇచ్చింది. 2007 లో కేవీఎం లినక్స్ కెర్నల్ లో భాగమైంది. అక్కడి నుంచి ప్రతి కంపెనీ ఇదే దారి పట్టింది.

నా ఎక్సెల్ షీట్ లో ఏం రాశాను?

మా దగ్గర 60 పాత సర్వర్లు. ఒక్కోదానిలో 8 కోర్లు, 32 జీబీ ర్యామ్. రెండు వారాలు మానిటర్ చేశాను. సగటు సీపీయూ వాడకం 8 శాతం. అంటే మొత్తం 480 కోర్లలో నిజంగా పనిచేస్తున్నవి 38. ర్యామ్ మాత్రం ఒక్కో సర్వర్ సగటున 14 జీబీ వాడుతోంది. మొత్తం 840 జీబీ.

కొత్తగా కొనబోయే సర్వర్ ఒక్కోదానిలో 28 కోర్లు, 256 జీబీ ర్యామ్. నాలుగు కొంటే 112 కోర్లు, 1,024 జీబీ. 38 కోర్ల పనికి 112 కోర్లు ఉన్నాయి, 840 జీబీ కి 1,024 జీబీ ఉంది. ఇంకేం కావాలి? షీట్ అంతా ఆకుపచ్చ రంగులో మెరిసిపోయింది. మేనేజర్ గారు భుజం తట్టారు.

మూడు నెలలు అంతా సాఫీగా నడిచింది. ఆ తర్వాత ఒక నెలాఖరు రాత్రి 11 గంటలకి, జీతాల ప్రాసెసింగ్ నడుస్తుండగా, నాలుగు హోస్టుల్లో ఒకటి మెమరీ ఫాల్ట్ తో ఆగిపోయింది.

హోస్ట్ పోతే దాని మీద ఉన్న వీఎంలు మిగతా హోస్టుల మీద వాటంతట అవే మళ్ళీ స్టార్ట్ అయ్యేలా సెట్ చేసి ఉంది. అయ్యాయి కూడా. కానీ మిగిలింది 768 జీబీ, కావాల్సింది 840. చాలని మెమరీని హైపర్‌వైజర్ డిస్క్ మీదకి నెట్టింది. ఫోన్ బాక్స్ మీద "8 జీబీ + 8 జీబీ ర్యామ్" అని రాసి, రెండో 8 ని స్టోరేజ్ నుంచి తీసుకుంటారు చూడండి, అదే ట్రిక్. ఫోన్ లో ఒకటి రెండు యాప్స్ నెమ్మదిస్తే సర్దుకుంటాం. ఇక్కడ 60 వీఎంలు ఒకేసారి నత్తనడక పట్టాయి.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. కంపెనీలో అందరి లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్లు రెండు. ఒకటి పోతే ఇంకోటి ఉండాలనే రెండు పెట్టారు. ఆ రెండూ ఆగిపోయిన హోస్ట్ మీదే ఉన్నాయి! డీఎన్ఎస్ కూడా వాటిలోనే. అవి లేచేవరకు మిగతా వీఎంలు ఒకదాన్ని ఒకటి కనుక్కోలేకపోయాయి. మేము హైపర్‌వైజర్ మేనేజ్‌మెంట్ కన్సోల్ లోకి వెళ్దామన్నా లాగిన్ అవ్వడం లేదు, ఎందుకంటే మా లాగిన్లు కూడా ఆ డొమైన్ వే. పోనీ రూట్ పాస్‌వర్డ్ వాడదామంటే అది ఉన్న పాస్‌వర్డ్ వాల్ట్ కూడా అదే క్లస్టర్ లో ఒక వీఎం. ఆటోలో మర్చిపోయిన ఫోన్ కథే. చివరికి మా సీనియర్ ఒకాయన పాత డైరీలో రాసిపెట్టుకున్న పాస్‌వర్డ్ ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది.

జీతాల ఫైల్ తెల్లారేసరికి బ్యాంక్ కి వెళ్ళాలి. మరుసటి రోజు వెళ్ళింది. ఒక్క రోజే కదా అనుకున్నాను. మా ఫ్లోర్ అటెండర్ ఒకాయన పొద్దున్నే నా డెస్క్ దగ్గరికి వచ్చి, "సార్, జీతం ఇంకా పడలే. ఈ రోజు ఈఎంఐ కట్ అయితది, బ్యాలెన్స్ లేకుంటే ఫైన్ వేస్తరు. ఎప్పుడు పడ్తది సార్?" అని అడిగారు. నా షీట్ లో 60 అడ్డు వరుసలు ఉన్నాయి. ఆయన ఏ వరుసలోనూ లేరు.

ఇప్పుడైతే ప్లాన్ ఎలా వేస్తాను?

1. ముందు జాబితా. ఏ సర్వర్ లో ఏం నడుస్తోంది, ఎవరిది, దేని మీద ఆధారపడింది, అది ఆగితే ఎవరికి ఇబ్బంది. చివరి ప్రశ్న తప్పనిసరి. ఈ పని చేస్తుంటే ఎవరూ వాడని సర్వర్లు కొన్ని బయటపడతాయి. వాటిని మార్చక్కర్లేదు, ఆపేస్తే చాలు.

2. సగటు చూడొద్దు, గంటల వారీగా చూడండి. ఆర్టీసీ బస్సు రోజు మొత్తం సగటు తీస్తే సగం ఖాళీ. పొద్దున 8:30 కి మాత్రం ఫుట్‌బోర్డ్ మీద కూడా చోటుండదు. సర్వర్లూ అంతే. నెలాఖరు రాత్రి మా దగ్గర 20 సర్వర్లు ఒకేసారి 60 శాతానికి వెళ్ళేవి. అంటే 96 కోర్లు. మిగతా 40 మామూలు 8 శాతంలో ఉన్నా ఇంకో 26. మొత్తం 122. మూడు హోస్టులకి ఉన్నవి 84. కొత్త కోర్ పాతదాని కన్నా వేగం కాబట్టి ఈ లెక్కని బెంచ్‌మార్క్ స్కోర్ తో సవరించుకోవాలి. ఆక్టాకోర్ అని ఉన్న ఫోన్లన్నీ ఒకే స్పీడ్ కాదని మీకు తెలుసు కదా. నేను రెండు వారాలే కొలిచాను, అందులో నెలాఖరు రాలేదు. కనీసం ఒక పూర్తి నెల కొలవండి. క్వార్టర్ ఎండ్, మార్చి 31 లాంటివి ఉంటే ఆ తేదీల రికార్డులు కూడా తెప్పించుకోండి.

3. ఒక హోస్ట్ లేదనుకుని లెక్క వేయండి. దీన్నే ఎన్ ప్లస్ వన్ అంటారు. మాకు కావాల్సింది 5 హోస్టులు. ఒకటి పోయినా 1,024 జీబీ మిగిలేది, 840 అందులో సరిపోయేది. ఇంకో మాట. హోస్టులు ఎంత పెద్దవైతే, ఎంత తక్కువైతే, అంత ఎక్కువ ఖాళీ ఉంచాలి. 5 హోస్టులుంటే 20 శాతం ఖాళీ చాలు. 2 హోస్టులే ఉంటే 50 శాతం ఖాళీగా ఉంచాలి. ఏఎండీ 2024 లో తెచ్చిన ఎపిక్ 9965 లో ఒక్క చిప్ కే 192 కోర్లు ఉన్నాయి. అలాంటివి చూసి అంతా రెండు బాక్సుల్లో పెట్టేద్దాం అనిపిస్తుంది. అప్పుడు ఈ లెక్క గుర్తుచేసుకోండి.

4. జంటల్ని విడదీయండి. ఒకదానికి ఒకటి తోడుగా ఉండాల్సిన వీఎంలు ఒకే హోస్ట్ మీదకి రాకుండా యాంటీ అఫినిటీ రూల్ పెట్టాలి. అయిదు నిమిషాల పని. మేము చేయలేదు. ముందు ఏది లేవాలో స్టార్ట్ ఆర్డర్ కూడా సెట్ చేయాలి: డీఎన్ఎస్, డొమైన్ కంట్రోలర్, డేటాబేస్, ఆ తర్వాతే అప్లికేషన్లు. అత్యవసర పాస్‌వర్డ్ క్లస్టర్ బయట ఉండాలి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టి తాళం వేసినా సరే.

5. లైసెన్స్ లెక్క ముందే చూడండి. విండోస్ సర్వర్ 2016 నుంచి లైసెన్స్ కోర్ల లెక్కన ఉంటుంది. స్టాండర్డ్ ఎడిషన్ తో హోస్ట్ కోర్లన్నిటికీ ఒకసారి లైసెన్స్ కడితే రెండు విండోస్ వీఎంలకే హక్కు వస్తుంది. డేటాసెంటర్ ఎడిషన్ తో ఎన్నైనా నడుపుకోవచ్చు. ఒరాకిల్ డేటాబేస్ అయితే, వీఎంవేర్ లో చిన్న వీఎం ఇచ్చాం కాబట్టి ఆ రెండు కోర్లకే డబ్బు కడతాం అంటే వాళ్ళ పాలసీ ఒప్పుకోదు. ఇక 2023 నవంబర్ లో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్ళింది. డిసెంబర్ లో ఒకసారి కొనుక్కునే లైసెన్సులు ఆపేసి సబ్‌స్క్రిప్షన్ కి మార్చేశారు. హార్డ్‌వేర్ లో మిగిలిన డబ్బు సాఫ్ట్‌వేర్ కి పోతుందేమో చూసుకోవాలి.

6. తక్కువ ముఖ్యమైనవి ముందు మార్చండి. టెస్ట్ సర్వర్లతో మొదలుపెట్టి జీతాలు, బిల్లింగ్ చివర్లో. పాత సర్వర్ ని ఆఫ్ చేసి ఒక నెల అలాగే ఉంచండి, వెంటనే స్క్రాప్ కి పంపొద్దు. వెనక్కి వెళ్ళాల్సి వస్తే మధ్యలో కొత్త దానిలో చేరిన డేటా ఎలా తెస్తామో కూడా రాసిపెట్టుకోండి. యూఎస్‌బీ డాంగిల్ తో నడిచే సాఫ్ట్‌వేర్, ప్రత్యేక కార్డులున్న మెషీన్లు, రోజంతా ఫుల్ లోడ్ లో ఉండే డేటాబేస్ లాంటివి కదిలించకపోయినా తప్పులేదు.

7. పూర్తయ్యాక ఒక హోస్ట్ ని మీరే ఆపండి. ముందే చెప్పి, పని తక్కువ ఉన్న రోజు ఆపండి. ఏది లేవలేదో ఆ రోజే తెలుస్తుంది. ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ నెలాఖరు వచ్చేది కాదు.

ఇంత కష్టపడి చేయాలా మరి?

చేయాలి. లెక్క చూడండి. పాత సర్వర్ ఒక్కోటి 200 వాట్లు అనుకుంటే 60 కి 12 కిలోవాట్లు. ఏసీ, యూపీఎస్ ఖర్చు కూడా కలపాలి. దానికి పీయూఈ అనే కొలత ఉంది. అది 1.6 అనుకుంటే 19.2 కిలోవాట్లు. నెలకి 13,824 యూనిట్లు. కొత్తవి 5 హోస్టులు, ఒక్కోటి 400 వాట్లు అనుకుంటే ఇదే లెక్కన నెలకి 2,304 యూనిట్లు. మిగిలేది నెలకి 11,520 యూనిట్లు. నెలకి 200 యూనిట్లు వాడే ఇళ్ళు 57 నడిచేంత కరెంటు.

చూశారా, 4 బదులు 5 హోస్టులు పెట్టినా లాభం ఎక్కడికీ పోలేదు. నేను మిగిల్చాననుకున్నది ఆ ఒక్క హోస్ట్ డబ్బు. ఆ సంఘటన తర్వాత రెండు నెలల్లో అయిదో హోస్ట్ కొన్నారు. డొమైన్ కంట్రోలర్లని విడదీశాం. ప్రతి మూడు నెలలకి ఒకసారి ఒక హోస్ట్ ని కావాలనే ఆపి చూడడం అలవాటు చేశాం.

మీలో ఎవరికైనా ఇది చేసి చూడాలనిపిస్తే, ఇంట్లో మూల పడున్న పాత డెస్క్‌టాప్ లో 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. ప్రాక్స్‌మాక్స్ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రెండు మూడు వీఎంలు పెట్టి, ర్యామ్ కావాలనే ఎక్కువ పంచి, ఏమవుతుందో చూడండి. అంతకన్నా ముందు, ఈ రోజే ఒక పని చేయండి. మీ ఫోన్ ఇప్పుడు పోతే మీ ఈమెయిల్ లోకి ఎలా వెళ్తారో ఒకసారి ఆలోచించండి. రికవరీ కోడ్ కూడా ఆ ఫోన్ లోనే ఉంటే, ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి.