మచ్చు చూసి ఒప్పుకోవడం: భోజనశాలలో వైన్ పరీక్ష

భాగం 11

విషయక్రమం
11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 మచ్చు: మనకు తెలిసిన పద్ధతి
11.3 భోజనశాలలో మచ్చు ఉద్దేశం
11.4 పరీక్ష క్రమం
11.5 దోషాలు, దోషాలు కానివి
11.6 తిరస్కరించే పద్ధతి
11.7 కారానికి అలవాటుపడిన నాలుక
11.8 సారాంశం
11.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
• భోజనశాలలో సీసా తెరిచి ముందుగా కొద్దిగా పోసి చూపడంలోని ఉద్దేశాన్ని వివరించడం.
• చూపు, వాసన, రుచి అనే మూడు మెట్లలో వైన్‌ను పరీక్షించడం.
• చెడిపోయిన వైన్‌కూ, మనకు నచ్చని వైన్‌కూ ఉన్న తేడాను గుర్తించడం.
• అతిథిగా గాని, వడ్డించే ఉద్యోగిగా గాని తిరస్కరణను మర్యాదగా నిర్వహించడం.

11.1 పరిచయం

మన ఊళ్లలో 'వైన్స్' అనే బోర్డు కనిపిస్తే అది మద్యం దుకాణమని అర్థం. అక్కడ ప్రధానంగా అమ్ముడయ్యేవి బ్రాందీ, విస్కీ, బీరు. ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసే అసలు వైన్ ఏదో ఒక అరలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఈ పాఠంలో వైన్ అంటే ద్రాక్షతో చేసిన వైన్ మాత్రమే. మన దేశంలో మహారాష్ట్రలోని నాసిక్ పరిసరాలు, కర్ణాటకలోని నంది కొండల ప్రాంతం దీనికి పేరు పొందాయి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థికి ఈ విషయంతో పనేమిటని మీరు అడగవచ్చు. ఈ మైదానాల నుంచి మిర్చి, పత్తి, పొగాకు విదేశాలకు వెళ్తున్నాయి. చీమకుర్తి నుంచి గ్రానైట్ వెళ్తోంది. ఆ వ్యాపారాల్లో ఉన్నవారు విదేశీ కొనుగోలుదారులతో కలిసి భోజనానికి కూర్చోవలసి వస్తుంది. మీలో కొందరు హైదరాబాదు, విశాఖపట్నం, బెంగళూరు హోటళ్లలో ఉద్యోగాలకు వెళ్తారు. రెండు సందర్భాల్లోనూ ఒక ఘట్టం ఎదురవుతుంది. వడ్డించే వ్యక్తి సీసా తెరిచి, గ్లాసులో రెండు గుక్కలు పోసి, పక్కన నిలబడి ఎదురుచూస్తాడు. అప్పుడు ఏం చేయాలో తెలియక చాలామంది చదువుకున్నవారు కూడా తడబడతారు. ఆ తడబాటును తొలగించడమే ఈ పాఠం ఉద్దేశం.

వైన్ తాగమని ప్రోత్సహించడం దీని ఉద్దేశం కాదు. మద్యం విషయంలో ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన పరిమాణం అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మడం చట్టవిరుద్ధం. నెల్లూరు జిల్లా దూబగుంటతో పేరు పొందిన సారా వ్యతిరేక ఉద్యమం, 1995లో వచ్చిన మద్యనిషేధం గుర్తున్న కుటుంబాల్లో ఈ మాట ఎత్తడమే కష్టమని కూడా మనకు తెలుసు. తాగనివారు సంజాయిషీ చెప్పుకోనవసరం లేదు. "నాకు వద్దండీ, మంచినీళ్లు చాలు" అంటే సరిపోతుంది. మంచి ఉద్యోగి మారు మాట్లాడకుండా ఆ గ్లాసు తీసేస్తాడు.

11.2 మచ్చు: మనకు తెలిసిన పద్ధతి

సరుకంతా చూడకుండా, అందులో కొద్దిభాగం చూసి మిగతాదాన్ని అంచనా వేయడాన్ని మనం 'మచ్చు చూడటం' అంటాం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలుననే సామెతలోనూ ఉన్నది ఈ సూత్రమే.

గుంటూరు మిర్చి యార్డులో ఇది రోజూ జరిగే పని. వ్యాపారి టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు. తాలు కాయలు ఎన్ని ఉన్నాయో చూస్తాడు. చేత్తో నొక్కి తేమ అంచనా కడతాడు. తడి ఎక్కువైన కాయ మెత్తగా అణుగుతుంది, అతిగా ఎండినది పెళుసుగా చిట్లుతుంది. కాయ చీల్చి లోపల బూజు ఉందేమో చూస్తాడు, వాసన చూస్తాడు. పత్తి కొనేవాడు కూడా కొద్దిగా దూది తీసుకుని రెండు చేతుల వేళ్లతో లాగి పింజ పొడవు చూస్తాడు. చూపు, స్పర్శ, వాసన అనే వరుసలో సాగే ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే.

మచ్చు చూసే తీరు ఈ ప్రాంతంవారికి కొత్త కాదు. సరుకు మారింది, చోటు మారింది, అంతే.

11.3 భోజనశాలలో మచ్చు ఉద్దేశం

యార్డులోని మచ్చుకూ, భోజనశాలలోని మచ్చుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. దాన్ని గ్రహిస్తే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

యార్డులో మచ్చును బట్టి ధర నిర్ణయమవుతుంది. అక్కడ ఆందోళన అమ్మే రైతుది. భోజనశాలలో ధర ముందే జాబితాలో అచ్చయి ఉంటుంది. సరుకును మీరే ఎంచుకున్నారు. కాబట్టి మచ్చు చూసి మీరు చెప్పవలసింది ఒక్కటే: ఈ సీసా బాగుందా, చెడిపోయిందా? మీ నాలుక ఎంత నేర్పరిదో, ద్రాక్ష రకం పేరు మీరు చెప్పగలరో లేదో ఇక్కడ ఎవరూ పరీక్షించడం లేదు. పరీక్షకు నిలబడింది సీసా, మీరు కాదు.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల రెండు నష్టాలు జరుగుతాయి. కొందరు బిడియంతో చెడిన వైన్‌ను కూడా ఒప్పుకుని, డబ్బు చెల్లించి, అతిథులకు పోయిస్తారు. మరికొందరు పెద్దరికం చూపడానికి మంచి వైన్‌ను కూడా వెనక్కి పంపుతారు.

11.4 పరీక్ష క్రమం

(అ) ఎంపిక: జాబితాలో తెలియని పేర్లు ఉంటే సలహా అడగడం చిన్నతనం కాదు. మీరు పెట్టదలచిన ఖర్చు అతిథుల ముందు పైకి చెప్పడం ఇష్టం లేకపోతే, జాబితాలో ఆ ధర పక్కన వేలు పెట్టి "ఇలాంటిది చెప్పండి" అంటే చాలు.

(ఆ) సీసా చూపడం: తెరవకముందే సీసాను మీకు చూపుతారు. పేరు, తయారుచేసిన సంస్థ, ద్రాక్ష కోసిన సంవత్సరం మీరు ఎంచుకున్నవేనా అని చదవండి. సంవత్సరం మారితే ధర మారవచ్చు. మూత ముద్ర చెదరకుండా ఉండాలి. సీసాను మీ ఎదుటే తెరవాలి.

(ఇ) బిరడా: ఓక్ జాతి చెట్టు బెరడుతో చేసే కార్కు బిరడాను తీసి మీ ముందు పెడతారు. దాన్ని వాసన చూడనవసరం లేదు. పొడిపొడిగా రాలుతోందా, పక్కల వెంట వైన్ పైదాకా కారిన చార ఉందా అని చూస్తే చాలు. అలా ఉంటే గాలి చొరబడి ఉండవచ్చు. వాసన చూసేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. తిప్పి తీసే లోహపు మూత ఉన్న సీసాలకు ఈ మెట్టు లేదు. ఆ మూత తక్కువ రకానికి గుర్తు కాదు.

(ఈ) చూపు: గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి. తెల్లని బల్లగుడ్డ మీదికి కొద్దిగా వంచి రంగు చూడండి. ఇటీవలి సంవత్సరపు తెల్ల వైన్ గోధుమరంగుకు తిరిగి ఉంటే అనుమానించాలి.

(ఉ) వాసన: ఇదే అసలు మెట్టు. గ్లాసును బల్ల మీదే ఉంచి రెండు మూడుసార్లు గుండ్రంగా తిప్పండి. వైన్ గ్లాసు గోడలకు పరుచుకుని వాసన పైకి వస్తుంది. ముక్కు దగ్గర పెట్టి రెండు చిన్న పీల్పులు పీల్చండి. ఎక్కువ దోషాలు ఇక్కడే బయటపడతాయి.

(ఊ) రుచి: ఒక చిన్న గుక్క తీసుకుని, నోరంతా తడిసేలా క్షణం ఉంచి మింగండి. వాసనలో కలిగిన అభిప్రాయాన్ని సరిచూసుకోవడానికే ఇది.

(ఎ) ఒప్పుదల: బాగుంటే "సరే, పోయండి" అనండి. తల ఊపినా చాలు. వర్ణనలు అక్కరలేదు. ముందు అతిథులకు, చివరగా మచ్చు చూసిన మీకు పోస్తారు. మొత్తం పని అర నిమిషంలో ముగియాలి.

11.5 దోషాలు, దోషాలు కానివి

కార్కు దోషం: తడిసిన గోనెసంచి, వానకు నానిన అట్టపెట్టె, ముక్కిన బియ్యం గుర్తుకు వచ్చే వాసన ఇది. పండ్ల వాసన అణగిపోతుంది. దీనికి ముఖ్య కారణం 2,4,6-ట్రైక్లోరో అనిసోల్ అనే రసాయనం. కార్కులోని క్లోరిన్ సంబంధ పదార్థాల మీద బూజు పనిచేసినప్పుడు ఇది పుడుతుంది. 1980ల ఆరంభంలో స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ టానర్, ఆయన సహచరులు దీన్ని గుర్తించారు. లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉన్నా ముక్కు పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. మిరపకాయకు పట్టే కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది కాబట్టి అది ఆరోగ్య సమస్య. వైన్‌లో కార్కు దోషం అలాంటిది కాదు. హాని చేయదు, కాని వైన్‌ను పాడుచేస్తుంది.

గాలి సోకడం: కోసి వదిలేసిన ఆపిల్ ముక్కలా వైన్ రంగు మారి, తాజాదనం పోతుంది. గ్లాసుల లెక్కన అమ్మే భోజనశాలల్లో సీసా తెరిచి రోజులు గడిస్తే ఇలా అవుతుంది. "ఈ సీసా ఎప్పుడు తెరిచారు?" అని అడిగే హక్కు మీకుంది.

పులుపెక్కడం: ఉదయం దించిన తాటికల్లు నిలవ ఉంటే ఎలా పులిసిపోతుందో మీకు తెలుసు. గాలి తగిలితే ఎసిటిక్ ఆమ్లాన్ని పుట్టించే సూక్ష్మజీవులు వైన్‌లోనూ పనిచేస్తాయి. వెనిగర్ వాసన, లేదా గోళ్లరంగు తుడిచే ద్రవం వాసన దీనికి గుర్తు.

వేడి దెబ్బ: ఇది మన ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించవలసిన దోషం. వైన్ నిలవకు 12 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. రెంటచింతల వైపు వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మనకు తెలుసు. మిర్చి రంగు కాపాడుకోవడానికి రైతులు కోల్డు స్టోరేజీలకు అద్దె కడుతుంటే, వైన్ పెట్టెలు మామూలు గదిలో మగ్గితే ఏమవుతుందో ఊహించండి. బిరడా పైకి తన్నుకొస్తుంది. వైన్ ఉడికిన పండ్ల గుజ్జులా వాసన వేస్తుంది.

కొన్ని దోషాలు కావు. అడుగున గాజుపొడిలా మెరిసేవి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం నుంచి ఏర్పడిన స్ఫటికాలు. పాత ఎర్ర వైన్ అడుగున మడ్డి సహజం. గ్లాసులో పడిన బిరడా తునకలను తీసివేస్తే సరిపోతుంది. ఎర్ర వైన్ నోటిని వగరుగా పట్టడం టానిన్ల గుణం. తేనీటిలోని వగరు కూడా ఈ జాతిదే. వైన్ మరీ వెచ్చగా ఉంటే తిరస్కరించకండి. పది నిమిషాలు మంచునీళ్ల బకెట్‌లో పెట్టమని అడగండి.

11.6 తిరస్కరించే పద్ధతి

దోషం అనిపిస్తే గొంతు పెంచనవసరం లేదు. "దీనికి తడి అట్ట వాసన వస్తున్నట్లుంది, మీరూ ఒకసారి చూస్తారా?" అని అడగండి. వైన్‌ను నిందించారు గాని మనిషిని కాదు కాబట్టి అతనికి ఇబ్బంది ఉండదు. మామూలుగా అదే వైన్ మరో సీసా తెస్తారు. దాన్నీ మొదటి నుంచి పరీక్షించాలి. అనుమానం తేలకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్లీ వాసన చూడండి. కార్కు దోషం సాధారణంగా ఆగినకొద్దీ స్పష్టమవుతుంది.

వైన్ బాగానే ఉండి మీకు నచ్చకపోతే, ఎంపిక మీదే కాబట్టి వెనక్కి పంపడం న్యాయం కాదు. అయితే మీరు తీపిది కావాలని అడిగితే ఉద్యోగి పుల్లనిది సూచించి ఉంటే, ఆ మాట మర్యాదగా చెప్పవచ్చు.

మీరు వడ్డించే స్థానంలో ఉంటే మూడు విషయాలు గుర్తుంచుకోండి. అతిథి సందేహించినప్పుడు వాదించకండి. ఆ గ్లాసులోని వైన్‌ను మీరూ వాసన చూడండి. తెలియక తడబడుతున్న అతిథిని చూసి నవ్వకండి, "బాగుందా అండీ, పోయమంటారా?" అనే ఒక్క మాట ఆయన పరువు నిలుపుతుంది.

11.7 కారానికి అలవాటుపడిన నాలుక

మిరపలోని క్యాప్సేసిన్, నాడుల్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. అందుకే కారం మంటగా అనిపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పటపూటియన్‌తో పంచుకున్నారు. ఆల్కహాలు కూడా ఇదే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. కాబట్టి కారం మీద వైన్ తాగితే మంట చల్లారదు, పెరుగుతుంది.

1912లో అమెరికా ఔషధ శాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ మిరప ఘాటును కొలవడానికి మనుషుల నాలుకలనే వాడాడు. మిరప సారాన్ని చక్కెర నీటిలో పలచన చేస్తూ, కారం తెలియని స్థితి వచ్చేదాకా రుచి చూపించాడు. ఆ పద్ధతికి ఉన్న ఇబ్బంది నాలుక అలసిపోవడం. భోజన బల్ల దగ్గరా అంతే. అందువల్ల మిరపకాయ బజ్జీలు, పచ్చళ్లు రాకముందే మచ్చు చూడండి. అప్పటికే తిని ఉంటే ఒక ముక్క రొట్టె నమిలి, నీళ్లు తాగి, కొద్దిసేపు ఆగండి. కిళ్లీ, జర్దా, చేతికి రాసుకున్న అత్తరు కూడా వాసనను కప్పేస్తాయి. కారపు భోజనానికి ఆల్కహాలు తక్కువగా, కొద్దిగా తీపిగా ఉండి చల్లగా వడ్డించే తెల్ల వైన్, వగరు ఎర్ర వైన్ కంటే నప్పుతుంది.

11.8 సారాంశం

భోజనశాలలో పోసే మచ్చు సీసా నాణ్యతను తేల్చడానికే గాని అతిథి పరిజ్ఞానాన్ని తేల్చడానికి కాదు. చీటీ చదవడం, రంగు చూడటం, వాసన పీల్చడం, ఒక గుక్క రుచి చూడటం ఇందులోని మెట్లు. వీటిలో వాసన ప్రధానం. కార్కు దోషం, గాలి సోకడం, పులుపెక్కడం, వేడి దెబ్బ తిరస్కరణకు తగిన కారణాలు. స్ఫటికాలు, మడ్డి, వగరు, నచ్చకపోవడం తగిన కారణాలు కావు. మచ్చును కారం తినకముందే చూడాలి.

11.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మిర్చి యార్డులో మచ్చు చూడటాన్ని, భోజనశాలలో వైన్ మచ్చు చూడటాన్ని పోల్చి, తేడాలను చర్చించండి.
2. వైన్‌లో కనిపించే ప్రధాన దోషాలను, వాటి కారణాలను వివరించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అతిథి వైన్‌ను తిరస్కరించినప్పుడు ఉద్యోగి ఎలా ప్రవర్తించాలి?
2. కారపు భోజనం వైన్ పరీక్షను ఎలా ప్రభావితం చేస్తుంది?
3. మీ ఇంట్లోని ముక్కిన బియ్యాన్ని, మంచి బియ్యాన్ని, వెనిగర్‌ను వేరువేరు గ్లాసుల్లో ఉంచి, కళ్లు మూసుకుని వాసన చూసి, మీరు గమనించిన తేడాలను నమోదు చేయండి.