కొత్త నీళ్ళు పడాలంటే

ఊరు మారి ఒంట్లో నలతగా ఉంటే మన పెద్దవాళ్ళు ఒకటే మాట అంటారు: "కొత్త నీళ్ళు కదా, ఇంకా పడలేదు." నాలుగు రోజులు కాచి చల్లార్చిన నీళ్ళిచ్చి, చారన్నం పెట్టి కనిపెట్టుకుని ఉంటారు. మనం నీళ్ళు తాగుతాం, అంతే. చేప వాటిలోనే ఊపిరి తీసుకుంటుంది, వాటిలోనే విసర్జిస్తుంది, వాటిలోనే నిద్రపోతుంది. దానికి కొత్త నీళ్ళు పడటం ఎంత పెద్ద సంగతో నియాన్ టెట్రా అనే అక్వేరియం చేపలను పోగొట్టుకున్నాక గాని నాకు తెలియలేదు.

ఉప్పాడ తీరంలో రొయ్యల హేచరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. టైగర్ రొయ్య రోజుల్లో చేరాను. 2009లో వనామికి అనుమతి వచ్చాక ఆ పనీ నేర్చుకున్నాను. రాత్రిపూట సీడును, అంటే రొయ్య పిల్లలను, ఆక్సిజన్ పట్టిన సంచుల్లో కట్టి, థర్మోకోల్ పెట్టెల్లో సర్ది వ్యానెక్కించేవాళ్ళం. రైతులు ఆ సంచులను చెరువులో తేలేసి, చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి, అప్పుడు వదిలేవారు. భీమవరం దగ్గర ఒక పెద్దాయన గట్టు మీద నిలబడి పనివాళ్ళతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "వదిలే రోజు తొందరపడితే పట్టుబడి రోజు ఏడవాలిరా."

ఆ మాట విన్నవాణ్ణే ఇంట్లో అక్వేరియం పెట్టి పన్నెండు నియాన్లు తెచ్చాను. ట్యాంకు నింపి అప్పటికి రెండు రోజులే. అందులోవి బోరు నీళ్ళు. సంచిని కాసేపు తేల్చి చేపల్ని వదిలేశాను. అవి రంగు పోయి మూలకు చేరితే ఆకలనుకుని మేత వేశాను. తినలేదు. మళ్ళీ వేశాను. వారం తిరిగేసరికి మూడు మిగిలాయి. తొమ్మిది ఎందుకు పోయాయో అర్థం చేసుకోవడానికి ఏడాది పట్టింది.

ఎక్కడి చేప

నియాన్ టెట్రా పుట్టిల్లు అమెజాన్ ఎగువన పెరూ, కొలంబియా, బ్రెజిల్ అడవుల్లోని వాగులు. 1936లో జార్జ్ మయర్స్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించి, అమెరికాలో అక్వేరియం పుస్తకాలు రాసిన విలియం ఇన్నెస్ పేరు మీద దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. పెద్దదైనా మూడు, నాలుగు సెంటీమీటర్లు మించదు. అది పుట్టిన వాగుల్లో ఆకులు రాలి, నాని, నీళ్ళు డికాషన్ రంగుకు తిరుగుతాయి. లవణాలు బహు తక్కువగా ఉన్న మెత్తని నీళ్ళు, కాస్త ఆమ్ల గుణం ఉన్నవి.

ఇప్పుడు అంగళ్ళలో దొరికేవి చాలావరకు ఆగ్నేయాసియా ఫారాల్లో పెంచినవి. ఫారం నుంచి ఎగుమతిదారుకు, అక్కడి నుంచి చెన్నై కొళత్తూరు లాంటి టోకు బజారుకు, తర్వాత మన ఊరి అంగడికి. మన ఇల్లు చేరేసరికి నాలుగు చోట్ల నీళ్ళు మారి వస్తుంది ఆ చేప.

ఇది గుంపు జీవి. పది చేపలు కలిసి ఉంటే ఒకటి ధైర్యం చేసి మేత అందుకుంటుంది, మిగతావి దాన్ని చూసి కదులుతాయి. రెండో మూడో తెస్తే బెదురుతోనే సగం చిక్కిపోతాయి. ఆరుకు తగ్గకుండా, చోటుంటే పది పైగా తెచ్చుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో సుమారు 56 లీటర్లు పడతాయి. పది నియాన్లకు అది చాలు.

చేప కన్నా నెల ముందు

చేప మొప్పల నుంచీ, మిగిలిపోయిన మేత నుంచీ అమోనియా పుడుతుంది. ఫిల్టరు స్పాంజిలో స్థిరపడే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండు రోజుల ట్యాంకులో నీళ్ళు అద్దంలా కనిపించాయి గాని, ఆ చేపల విషాన్ని తీసేవాళ్ళు అందులో లేరు.

ఇక నీళ్ళ గుణం. మా బోరు నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టిడిఎస్ మీటరు పెడితే 900 దాటింది. ఇప్పుడు డాబా మీద పట్టిన వాన నీళ్ళు కలిపి 200 దగ్గరకు తెస్తాను. మొదటి వానకు కొట్టుకొచ్చే దుమ్ము నీళ్ళు మాత్రం పట్టను. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ తీయాలి. హేచరీలో సముద్రపు నీటికి వాడిన సోడియం థయోసల్ఫేటే ఇక్కడా పనికొస్తుంది.

మా వీధి చివర బాదం చెట్టుంది. ఎండి రాలిన ఆకుల్ని మా ఆవిడ ఏరి, కడిగి, ఆరబెట్టి ఇస్తుంది. ట్యాంకుకు ఒక ఆకు వేస్తే రెండు రోజుల్లో నీళ్ళు లేత గోధుమరంగు పడతాయి. ఆ నీడ నియాన్ల బెదురు తగ్గిస్తుంది. మందులు కొట్టే తోటల ఆకు వాడకూడదు.

దింపే రోజు

ముందు ట్యాంకు లైటు ఆర్పేస్తాను. మూతి విప్పకుండా సంచిని ఇరవై నిమిషాలు తేల్చితే వేడి సమానమవుతుంది. తర్వాత చేపల్ని సంచి నీళ్ళతో సహా చిన్న బక్కెట్లోకి దింపి, ఎయిర్ ట్యూబుకు వదులుగా ముడి వేసి, ట్యాంకు నీళ్ళు సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున పడనిస్తాను. దాదాపు గంటలో బక్కెట్లో నీళ్ళు రెట్టింపు దాటుతాయి. అప్పుడు మెత్తని వలతో చేపల్ని మాత్రమే ట్యాంకులోకి వదిలి, బక్కెట్టు నీళ్ళు మొక్కలకు పోస్తాను. అంగడి నీళ్ళు ట్యాంకులో పోస్తే అక్కడి రోగాల్ని పిలిచి పీట వేసినట్టే. ఇంట్లో అప్పటికే చేపలుంటే కొత్తవాటిని మూడు నాలుగు వారాలు వేరే ట్యాంకులో ఉంచాలి.

ఊళ్ళో అంగడి నుంచి తెచ్చిన చేపకు ఈ పద్ధతి. ఒక పగలూ రాత్రీ ప్రయాణం చేసిన సంచి సంగతి వేరు. దాన్లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడు వల్ల పీహెచ్ పడిపోయి నీళ్ళు ఆమ్లం వైపు మొగ్గి ఉంటాయి. అమోనియా పేరుకున్నా ఆ ఆమ్లంలో దాని విషం అణిగి ఉంటుంది. మూతి విప్పగానే వాయువు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపు అమోనియా వాటా దాదాపు పదింతలవుతుంది. అలాంటి సంచి విప్పి గంటసేపు చుక్కలు పోస్తూ కూర్చోవడమంటే చేపను విషంలో నిలబెట్టడమే. టిడిఎస్ ఎంతో అంగడివాణ్ణి ముందే అడిగి దానికి దగ్గరగా నీళ్ళు సిద్ధం చేసి, వేడి సరిపోగానే చేపను అందులోకి మార్చేయాలి. మన నీళ్ళకు తర్వాత వారాల మీద అలవాటు చేయవచ్చు.

మొదటి మేత

మొదటి రోజు ఏమీ పెట్టను. పోయిన ఆ తొమ్మిదింటికీ నేను చేసిన రెండో అన్యాయం ఇక్కడే జరిగింది. బెదిరిన చేప తినదు. తినని మేత కుళ్ళి అమోనియా అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేప ఒకటి రెండు రోజుల పస్తుకు చెక్కుచెదరదు.

రెండో రోజు సాయంత్రం లైటు మందంగా పెట్టి, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి పిల్లలనిస్తాను. హేచరీలో అమెరికా యూటా ఉప్పు సరస్సు నుంచి డబ్బాల్లో వచ్చే గుడ్లతోనే రొయ్య పిల్లల్ని సాకాం. ఇంట్లో లీటరు సీసా చాలు. లీటరు నీళ్ళకు 25 గ్రాముల కల్లుప్పు, పావు చెంచా గుడ్లు, అడుగు నుంచి గాలి, దగ్గరలో దీపం. 28 డిగ్రీల్లో ఒక రోజుకు పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలాగితే పెంకులు పైకి తేలతాయి, నారింజరంగు పిల్లలు అడుగుకు చేరతాయి. ట్యూబుతో తీసి, పలచని గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి వెంటనే వేయాలి. ఆలస్యమైతే వాటి ఒంట్లోని పచ్చసొన కరిగి సారం తగ్గుతుంది. అర మిల్లీమీటరు కూడా లేని ఆ పిల్లలు నీళ్ళలో ఎగురుతుంటే, పొడి మేతను చూడని చేప కూడా ఆగలేదు.

వారం తర్వాత రేకుల మేతను వేళ్ళతో పొడి చేసి అలవాటు చేస్తాను. నియాన్ నోరు చిన్నది, పైకి వచ్చి తినడం దానికి ఇష్టం ఉండదు. అందుకే పొడిని చెంచాడు నీళ్ళలో తడిపి, మెల్లగా దిగేలా వేస్తాను. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికొక పూట పస్తు. పొద్దున్నే చూస్తే రంగు వెలిసినట్టుంటాయి, కంగారు పడనక్కర్లేదు. ఆ నీలిగీత రంగు పూత కాదు, చర్మంలోని స్ఫటికాల మీద మెరిసే వెలుగు. చీకట్లో అది అణుగుతుంది, వెలుగొచ్చాక తిరిగి వస్తుంది.

రెండోసారి పన్నెండు తెచ్చి, వేరే ట్యాంకులో కాచి, మిగిలిన మూడింటితో కలిపాను. మొదటి రెండు రోజులు బాదం ఆకు కిందే నక్కాయి. మూడో రోజు సాయంత్రం పాత చేప ఒకటి నీళ్ళ మధ్యకు వచ్చి మేత అందుకుంది. దాని వెనక ఒకటి, ఆ వెనక రెండు, చివరికి పదిహేనూ ఒక్క నీలి తీగలా కదిలాయి. కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ కత్తిపీట దగ్గర నుంచి లేచి వచ్చి కాసేపు చూసి అంది: "ఏమండీ, వీటికి నీళ్ళు పడ్డాయి."