ఇంజను మాటిమాటికీ ఎందుకు వేడెక్కుతుంది?

ఇల్లందు నుండి గుండాల వైపు పోయేది అడవి దారి. పెళ్ళివారి జీపు, మిరప కోతలకు కూలీలను తీసుకుపోయే బండి, కాన్పు కోసం ఆసుపత్రికి పోయే కారు, అన్నీ ఆ దారినే పోతాయి. ఎండాకాలంలో ఇట్లాంటి బండి ఒకటి చెట్టు కింద ఆగి ఉండడం మనం చూస్తూనే ఉంటాం. ముందు బానెట్ లేపి ఉంటుంది. లోపలి నుండి ఆవిరి లేస్తుంటుంది.

"ఏం కాలేదమ్మా, హీటెక్కింది. నీళ్ళు పోస్తే సరిపోతది" అంటాడు డ్రైవరు. నీళ్ళు పోస్తాడు. బండి కదులుతుంది. పది కిలోమీటర్లు పోయాక మళ్ళీ ఆగుతుంది.

మొదట పోసిన నీళ్ళు ఎటు పోయాయి? ఎందుకు మరిగాయి? ఈ మాట మనం అడగాలి. కిరాయి ఇచ్చేది మనమే గదా! సంఘంలో అప్పు తీసుకుని బండి కొంటే, కిస్తీ కట్టేది కూడా మనమే.

వేడిని మోసేది నీళ్ళు

పొయ్యిలో కట్టె మండుతుంది. ఆ వేడి అంతా గిన్నెకు అందదు. చాలా వేడి పక్కలకు పోతుంది. ఇంజను కూడా ఒక పొయ్యే. లోపల డీజిలో, పెట్రోలో మండుతుంది. ఆ వేడిలో ఇంచుమించు మూడో వంతు మాత్రమే చక్రాలు తిప్పే పనికి వస్తుంది. ఇంకో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన వేడి ఇంజనుకే పడుతుంది. దాన్ని బయటికి మోయాలి. ఆ మోత పని నీళ్ళది.

ఇంజను గోడల లోపల సందులు ఉంటాయి. వాటిలో నీళ్ళు తిరుగుతాయి. తిప్పడానికి చిన్న పంపు ఉంటుంది. వేడెక్కిన నీళ్ళు రబ్బరు పైపు గుండా బండి ముందు ఉన్న రేడియేటర్‌లోకి వస్తాయి. వేడి అన్నం త్వరగా చల్లారాలంటే ఏం చేస్తాం? పళ్ళెంలో పలచగా పరిచి విసురుతాం. రేడియేటర్ చేసేదీ అదే. అందులో సన్నని గొట్టాలు ఉంటాయి. నీళ్ళు వాటిలో పలచగా పారతాయి. ఎదురుగాలి, ఫ్యాను గాలి తగిలి చల్లబడతాయి. మళ్ళీ ఇంజనులోకి పోతాయి.

మన వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఆ గాలే వేడిగా ఉంటుంది. నీళ్ళను చలికాలంలో చల్లార్చినంత బాగా చల్లార్చలేదు. అందుకే చలికాలం దాక్కున్న జబ్బు ఎండాకాలంలో బయటపడుతుంది. అంతేగాని ఎండ ఒక్కటే కారణం కాదు. బాగున్న బండి ఎండలో కూడా పోతుంది.

మూత జోలికి పోవద్దు

మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించిన కుక్కర్‌లో 120 డిగ్రీల దాకా పోతాయి. రేడియేటర్ మూత కూడా కుక్కర్ మూత లాంటిదే. అది బిగించి ఉన్నంతసేపు లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఎవరైనా ఆ మూత తిప్పితే ఏమవుతుంది? ఒక్కసారిగా నీళ్ళన్నీ మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి చిమ్ముతాయి. కళ్ళు పోవచ్చు. మొహం, ఛాతీ, చేతులు ఉడికిపోవచ్చు.

కాబట్టి ఇంజను ఆపి కనీసం అరగంట ఆగాలి. పై పైపును చేత్తో పట్టుకోగలిగేటంత చల్లారాలి. అప్పుడు మందమైన బట్ట వేసి, మొహం పక్కకు తిప్పుకుని, మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించవద్దు. లోహం బీటలు వారుతుంది. ఎవరికైనా కాలితే ఆ చోట 20 నిమిషాల పాటు చల్లని నీళ్ళు పోస్తూ ఉండాలి. పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. ఎక్కువగా కాలితే వెంటనే 108కి ఫోను చేయాలి.

ఇంకో మాట. బానెట్ లేపినప్పుడు కొంగు, చున్నీ, జడ దగ్గరికి పోనీయవద్దు. కొన్ని కార్లలో ఇంజను ఆపినా ఫ్యాను తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది.

నీళ్ళు ఎటు పోయాయి?

1888 ఆగస్టులో జర్మనీ దేశంలో బెర్తా బెంజ్ అనే ఆమె ఇద్దరు కొడుకులను తీసుకుని, భర్తకు చెప్పకుండా, మోటారు బండి మీద పుట్టింటి ఊరికి పోయింది. ఇంచుమించు 100 కిలోమీటర్ల దారి. ఆ బండి చేసింది ఆమె భర్త కార్ల్ బెంజ్. అంత దూరం మోటారు బండి మీద పోవడం లోకంలో అదే మొదలు. మన ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలయింది ఆ మరుసటి ఏడాదే. ఆమె బండిలో నీళ్ళు మరిగి ఆవిరై పోయేవి. దారి పొడుగునా మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసుకుంటూ పోయింది. గొట్టంలో మురికి అడ్డం పడితే టోపీ పిన్నుతో తనే తీసింది.

ఆనాటి బండికి నీళ్ళు తగ్గడం మామూలే. ఈనాటి బండిలో నీళ్ళు తిరిగిన చోటే తిరగాలి, తగ్గకూడదు. వారం వారం పోయవలసి వస్తే ఎక్కడో కారుతున్నట్టే. రాత్రి బండి కింద అట్ట ముక్క పరిచి, తెల్లవారి చూస్తే తడి కనబడుతుంది. పైపు పగలడం, బిగింపు వదులు కావడం, పంపు కారడం, రేడియేటర్‌కు చిల్లి పడడం, ఇవన్నీ అట్లా తెలుస్తాయి.

ఎప్పుడు వేడెక్కుతుందో గమనిస్తే సగం జబ్బు తెలిసినట్టే. సంతలో, గేటు దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డు మీద పరుగెత్తితే చల్లబడుతుందా? అయితే ఫ్యానును అనుమానించాలి. పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి సరిపోతుంది. ఆగితే ఫ్యానే దిక్కు.

జనం నిండి ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే రేడియేటర్ మూసుకుపోయి ఉండవచ్చు. బయట బొగ్గు దుమ్ము, పత్తి నూగు, పురుగులు పట్టి గాలి ఆడదు. లోపల అయితే ఉప్పు పడుతుంది. బోరు నీళ్ళు కాచే గిన్నెకు తెల్లని పొర కడుతుంది చూడండి, అదే. ఎప్పుడూ బోరు నీళ్ళే పోస్తే ఆ సన్నని గొట్టాలు పూడిపోతాయి. అందుకే కంపెనీ చెప్పిన కూలెంట్ పోయాలి. కూలెంట్ పచ్చగానో ఎర్రగానో ఉంటుంది, కొన్ని రకాలు తియ్యగా కూడా ఉంటాయి. కాని అది విషం. పిల్లలకు, మేకలకు అందనీయవద్దు. ఖాళీ డబ్బా కడిగి ఇంట్లో నీళ్ళకు వాడవద్దు.

బండి తీసిన కాసేపటికే వేడెక్కి, పై పైపు కాలుతూ కింది పైపు చల్లగా ఉంటే నీళ్ళు తిరగడం లేదు. థర్మోస్టాట్ అనే చిన్న తలుపు తెరుచుకోలేదేమో చూడాలి. దానిలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది. అది పాడయితే తలుపు మూసుకునే ఉంటుంది. చాలా బండ్లలో పంపును తిప్పేది బెల్టు. బెల్టు తెగితే బ్యాటరీ ఎర్ర దీపం కూడా వెలుగుతుంది.

కింద తడి లేదు, అయినా నీళ్ళు తగ్గుతున్నాయి. సైలెన్సర్ నుండి తెల్లని పొగ ఆగకుండా వస్తోంది. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఇది పెద్ద జబ్బు. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు ఇంజను లోపలికి పోతున్నాయి. ఇట్లాంటి బండిని నీళ్ళు పోస్తూ నడిపితే ఇంజనే పట్టేస్తుంది. అప్పుడు చిన్న సామానుతో పోయేది మొత్తం ఇంజను పనికి వస్తుంది. ఆ బండిని తాడు కట్టి లాక్కుపోవాలి.

వేడి చూపే ముల్లు కిందనే ఉంది గదా అని కూడా నమ్మలేం. నీళ్ళు పూర్తిగా అయిపోతే ముల్లుకు వేడి తెలియదు. కాలిన వాసన వస్తే ముల్లును చూడకుండా బండి ఆపమనండి.

మూడు చక్రాల ఆటోల సంగతి వేరు. వాటిలో చాలావాటికి నీళ్ళే ఉండవు. ఇంజను చుట్టూ పలచని లోహపు రెక్కలు ఉంటాయి, గాలికే చల్లబడాలి. రెక్కల మధ్య బురద, ఆయిలు జిడ్డు పేరుకుంటే, లేదా ఇంజను ఆయిలు తగ్గితే వేడెక్కుతాయి. ఇంజను చల్లారాక ఆ జిడ్డు తీయించి, ఆయిలు చూపించాలి.