మనసు జబ్బు స్కానింగులో కనిపిస్తుందా?

"స్కానింగు నార్మల్ అని వచ్చింది డాక్టరుగారూ! అయితే మావాడికి జబ్బు లేనట్టేగా?"

స్కిజోఫ్రీనియా రోగుల తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఇది. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినపడటం, అన్నంలో విషం కలిపారని అనుమానించడం, తనలో తాను నవ్వుకోవడం, స్నానం మానేయడం... ఇన్ని లక్షణాలు కళ్లెదుట ఉన్నా, ఫిల్ములో మచ్చ లేదు కనుక వేషాలు వేస్తున్నాడని కుర్రాణ్ణి కొట్టేవాళ్లూ ఉన్నారు.

మెదడులో పైపొర బూడిదరంగులో ఉంటుంది. నాడీకణాలు ఎక్కువగా ఉండేది అక్కడే. దాని లోపల తెల్ల పదార్థం ఉంటుంది. ఒక భాగం నుంచి మరో భాగానికి కబుర్లు మోసే సన్నని తీగల కట్టలే ఇది. ఆ తీగలకు మైలిన్ అనే కొవ్వుపొర చుట్టి ఉంటుంది. తెలుపురంగు దానివల్లే, కబురు వేగంగా పోవడమూ దానివల్లే.

1976లో లండన్‌లో ఈవ్ జాన్‌స్టన్, ఆమె సహచరులు సి.టి. స్కాన్‌తో పరీక్షించి, ఈ రోగుల మెదడులోని నీటిగదులు పెద్దవై ఉన్నాయని తెలిపారు. తెల్ల పదార్థం అమరికను కొలిచే డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ 1990ల్లో వచ్చింది. ఎం.ఆర్.ఐ. యంత్రంతోనే చేస్తారు. సూత్రం రైతుకు వెంటనే అర్థమవుతుంది. చాళ్లు తీసిన చేలో నీరు చాలు వెంటే పారుతుంది. చదును నేలలో నలుదిక్కులా పరుచుకుంటుంది. మెదడులోని నీటి అణువులూ అంతే. తీగలు వరుసగా, పొర గట్టిగా ఉంటే వాటి వెంటే కదులుతాయి. అమరిక సడలితే పక్కలకూ పోతాయి. యంత్రం కొలిచేది ఈ తేడానే.

2018లో వెలువడిన ఒక పరిశోధనలో వివిధ దేశాల 29 అధ్యయనాల నుంచి 1,963 మంది రోగులను, 2,359 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. చూసిన 25 భాగాల్లో 20 చోట్ల రోగుల తెల్ల పదార్థంలో తేడా కనబడింది. కుడి, ఎడమ మెదళ్లను కలిపే వంతెనలో కూడా.

మరి మీవాడి స్కానింగు నార్మల్ ఎందుకు? ఆ తేడా సగటులో తేడా. రెండు ఊళ్ల మగవాళ్ల సగటు ఎత్తులో ఒక అంగుళం తేడా ఉందనుకోండి. ఎదురుపడిన మనిషి ఎత్తు చూసి అతను ఏ ఊరివాడో చెప్పగలరా? ఇదీ అంతే. ఒక్క మనిషి స్కాన్ చూసి స్కిజోఫ్రీనియా ఉందనిగానీ, లేదనిగానీ తేల్చే పద్ధతి ఇంకా రాలేదు. మొదటిసారి జబ్బు కనిపించినప్పుడు, ముఖ్యంగా ఫిట్స్, తలకు దెబ్బ, జ్వరం, తీవ్రమైన తలనొప్పి ఉంటే, మేము స్కానింగు రాసేది మెదడులో గడ్డ, వాపు వంటివి లేవని రూఢి చేసుకోవడానికి. అప్పు చేసి రెండోసారి, మూడోసారి తీయించడం డబ్బు దండగ.

ఇంకొక మాట. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మనోవైద్యురాలు ఈ జబ్బుకు తల్లి తీరు కారణమన్నారు. ఆ వాదానికి ఆధారం దొరకలేదు, వైద్యులు దాన్ని ఎప్పుడో వదిలేశారు. మన ఇళ్లల్లో అత్తగార్లు మాత్రం ఇంకా వదల్లేదు! "నీ పెంపకమే" అని కోడల్ని సాధించకండి. పెళ్లి చేస్తే కుదురుతుందన్న సలహా అంతకంటే ప్రమాదం, మరో ఇంటి ఆడపిల్ల గొంతు కోయడమే.

రోగితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడి, కొంతకాలం గమనించి మానసిక వైద్యుడు జబ్బును నిర్ధారిస్తాడు. మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. కాస్త కుదుటపడగానే మాత్రలు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.