పుణ్యక్షేత్రాలలో గణితక్రమం: గ్రంథప్రమాణం, కొలత, యాదృచ్ఛికత

వ్యాససంగ్రహం:

ప్రాచీన హైందవ క్షేత్రాలలో గణితక్రమం ఉందన్న ప్రతిపాదనలు నేడు విస్తృతంగా ప్రచారంలో ఉన్నాయి. వీటిలో కొన్ని గ్రంథాధారంతోనూ కొలతలతోనూ నిలిచేవి కాగా, మరికొన్ని పటం మీద గీసిన గీత తప్ప వేరే ఆధారం లేనివి. శుల్బసూత్రాల చితి నిర్మాణం, ఆలయ వాస్తుమండలం, అరసవల్లిలో సూర్యకిరణ ప్రసారం, పంచభూత క్షేత్రాల రేఖాంశం అనే నాలుగు ఉదాహరణల ద్వారా ఈ రెండింటి మధ్య భేదాన్ని గుర్తించే పద్ధతిని ప్రస్తుత వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: శుల్బసూత్రాలు, ఆపస్తంబుడు, వాస్తుమండలం, పంచభూత క్షేత్రాలు, దేశాంతరం, యాదృచ్ఛికత.

1. ఉపోద్ఘాతం:

ఒక కట్టడంలో గణితక్రమం కనిపించడం వేరు, ఆ క్రమాన్ని నిర్మాత ఉద్దేశించి ఉండడం వేరు. మొదటిదానికి పరిశీలకుని కన్ను చాలు. రెండవదానికి సాక్ష్యం కావాలి. ఈ భేదాన్ని విస్మరించిన రచనలు సిద్ధాంతగ్రంథాలలోనూ చోటు చేసుకొంటున్నాయి. వాటి వలన కలిగే నష్టం రెండు విధాలు. ఆధారం లేని ప్రతిపాదన సులభంగా ఖండనకు గురవుతుంది. దానితోపాటు గట్టి ఆధారాలున్న భారతీయ గణిత సంప్రదాయం కూడా అనుమానానికి లోనవుతుంది. కనుక ప్రతి ప్రతిపాదనకూ మూడు ప్రశ్నలు వేసుకోవడం అవసరం. ఆ నియమం సమకాలిక గ్రంథంలోగాని శాసనంలోగాని ఉన్నదా? క్షేత్రంలో తీసిన కొలత దానితో సరిపోతున్నదా? ఆ సామ్యం కాకతాళీయంగా ఏర్పడే అవకాశం ఎంత?

2. శుల్బసూత్రాలు - నియమం ముందు, నిర్మాణం తరువాత:

మొదటి ప్రశ్నకు నిస్సందేహంగా సమాధానమిచ్చే వాఙ్మయం శుల్బసూత్రాలు. శుల్బమంటే త్రాడు. బౌధాయన, ఆపస్తంబ, కాత్యాయన, మానవ శుల్బసూత్రాలు కల్పసూత్రాలకు అనుబంధాలు. ఇవి సుమారుగా క్రీ.పూ. 800 - 200 మధ్య కాలానివని పండితుల అభిప్రాయం. తెలుగునాట వైదిక కుటుంబాలలో ఆపస్తంబ సూత్రానుయాయులే అధికం కనుక ఈ వాఙ్మయంతో మనకు సంబంధం సన్నిహితమైనది.

శ్రౌతకర్మలో గార్హపత్య వేది వృత్తం, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధవృత్తం. ఆకారాలు వేరైనా మూడింటి వైశాల్యం సమానంగా ఉండాలి. వృత్తాన్ని చతురస్రంగా, చతురస్రాన్ని వృత్తంగా మార్చవలసిన సమస్య ఇక్కడే పుట్టింది. శ్యేనచితి వైశాల్యం తొలిసారి ఏడున్నర చదరపు పురుషలు. దానిని అయిదు పొరలుగా, పొరకు 200 చొప్పున మొత్తం 1000 ఇటుకలతో పేర్చాలి. ఒక పొరలోని అతుకులు పై పొర అతుకులతో కలియరాదు. మరుసటి చితి ఎనిమిదిన్నర పురుషలకు పెరగాలి గాని ఆకారం మారరాదు. అంటే ప్రతి ప్రమాణ చతురస్రమూ వైశాల్యంలో 17/15 రెట్లు కావాలి. రెండు చతురస్రాల మొత్తానికి సమానమైన మరొక చతురస్రాన్ని నిర్మించే కర్ణసూత్రం తెలియనిదే ఇది సాధ్యపడదు.

సోమయాగంలోని మహావేది సమలంబ చతుర్భుజం. దాని తూర్పు భుజం 24, పడమటి భుజం 30, వాటి మధ్య దూరం 36. ఆపస్తంబుడు దీనిని 15, 36, 39 అనే త్రికంతో త్రాడు లాగి గీయమంటాడు. 15 వర్గం 225, 36 వర్గం 1296. వాటి మొత్తమైన 1521 సరిగ్గా 39 వర్గం. అతడు అంతటితో ఆగలేదు. ఒక పక్క త్రిభుజాన్ని కోసి, తిప్పి, రెండవ పక్క చేర్చితే 27, 36 భుజాల దీర్ఘచతురస్రం ఏర్పడుతుందనీ, కనుక వైశాల్యం 972 అనీ చూపించాడు. ఫలితం చెప్పి ఊరుకోక కారణం కూడా చూపడం దీనిలోని విశేషం.

చతురస్ర కర్ణానికి ఇచ్చిన విలువ కూడా గమనించదగినది. భుజానికి దాని మూడవ వంతును, ఆ మూడవ వంతులో నాల్గవ వంతును కలిపి, ఈ చివరిదానిలో ముప్ఫైనాల్గవ వంతును తీసివేయాలి. భుజం 1 అయితే ఫలితం 577/408, అనగా 1.4142157. వాస్తవ విలువ 1.4142136. ఇది సుమారు విలువ అన్న సంగతి సూత్రకారులకు తెలుసు. దానికి వారు వాడిన 'సవిశేషం' అన్న మాటే అందుకు నిదర్శనం.

1875లో థీబో వ్యాసం, 1932లో విభూతిభూషణ్ దత్త గ్రంథం, 1983లో సేన్, బాగ్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటం ఈ వాఙ్మయాన్ని ఆధునిక పరిశోధకులకు అందించాయి. 1975లో కేరళలోని పాంజాళ్‌లో జరిగిన అగ్నిచయనాన్ని ఫ్రిట్స్ స్టాల్ బృందం నమోదు చేయడంతో సూత్రం ఆచరణగా మారే తీరు కూడా గ్రంథస్థమైంది. అయినా గ్రంథం ఉన్నంత మాత్రాన తవ్వకంలో దొరికిన ప్రతి ఇటుకల రాశీ చితి కాదు. కౌశాంబిలో శ్యేనచితి బయల్పడిందని జి.ఆర్. శర్మ చేసిన ప్రతిపాదనపై పండితులలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. గ్రంథప్రమాణానికి కొలత తోడు కావాలని ఈ చర్చ గుర్తుచేస్తుంది.

3. వాస్తుమండలం - కొలమానం తెచ్చే చిక్కు:

ఆలయ నిర్మాణంలో ఈ రెండూ కలిసిన సందర్భం వాస్తుపురుష మండలం. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో 81, 64 గడుల మండలాలను వివరించి, దేవాలయానికి 64 గడులదానిని విధించాడు. ఆలయం ఎత్తు వెడల్పుకు రెట్టింపుగా, గర్భగృహం వెడల్పు అందులో సగంగా ఉండాలన్నాడు. అంటే 64 గడులలో 16 గర్భగృహానివి. తక్కినవి గోడలకు చెందుతాయి. మైకేల్ మైస్టర్ 1979లో ప్రచురించిన పరిశోధనలో ఉత్తర భారత నాగర ఆలయాల తలవిన్యాసాలను కొలిచి ఈ మండలంతో పోల్చాడు. నియమం గ్రంథంలో ముందే ఉండడం, కొలత దానిని పరీక్షించడం ఈ పద్ధతిలోని బలం.

దక్షిణాది వాస్తుగ్రంథాలలోని ఆయాది గణితం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఉదాహరణకు యోనిని నిర్ణయించడానికి కొలతను 3తో గుణించి 8తో భాగిస్తారు. శేషం 1, 3, 5, 7 అయితే శుభం. శేషాలతో నడిచే ఈ గణితం ఆసక్తికరమైనదే. అయితే దీనిని ఒక ఆలయానికి అన్వయించేటప్పుడు హస్త ప్రమాణం ఎంత అన్న ప్రశ్న వస్తుంది. ఒక గోడ పొడవు 9.6 మీటర్లనుకొందాం. హస్తం 48 సెం.మీ. అయితే అది 20 హస్తాలు, 42 సెం.మీ. అయితే దాదాపు 23 హస్తాలు. ఈ అవధిలో 20, 21, 22 అనే మూడు పూర్ణసంఖ్యలకు చోటుంది. 20కి శేషం 4, 22కి శేషం 2. రెండూ అశుభాలే. 21కి శేషం 7, గజయోని, శుభం. హస్తాన్ని 45.7 సెం.మీ.గా తీసుకొన్న పరిశోధకునికి శాస్త్రం అక్షరాలా నిజమైనట్లు తోస్తుంది. నిజానికి అక్కడ ఫలితానికి తగినట్లుగా కొలమానమే సర్దుబాటైంది.

దీనికి పరిష్కారాలు రెండు. మొదటిది, కొలమానంతో నిమిత్తం లేని నిష్పత్తులను పరీక్షించడం. గర్భగృహం మొత్తం వెడల్పులో సగమా కాదా అన్నది హస్తం పొడవుపై ఆధారపడదు. రెండవది, కొలమానాన్ని స్వతంత్ర ఆధారంతో నిర్ణయించడం. దక్షిణాది ఆలయాల గోడలపై, అధిష్ఠానాలపై అక్కడక్కడ చెక్కిన కొలకోల గుర్తులు ఇందుకు ఉపకరిస్తాయి.

4. అరసవల్లి - పరీక్షకు నిలిచే స్థానిక ప్రసిద్ధి:

గ్రంథాధారం లేని ప్రతి విశ్వాసాన్నీ త్రోసిపుచ్చనవసరం లేదు. శ్రీకాకుళం సమీపంలోని అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో మార్చి 9 - 11, అక్టోబరు 1 - 3 తేదీల ప్రాంతంలో ఉదయకిరణాలు మూలవిరాట్టును తాకుతాయని ప్రసిద్ధి. ఈ తేదీలను దక్షిణాయనాంతంతో పోల్చి చూడాలి. అక్టోబరు 2 నుండి డిసెంబరు 21కి 80 రోజులు. డిసెంబరు 21 నుండి మార్చి 10కి 79 రోజులు. ఆయనాంతానికి ఇటూ అటూ సమాన దూరంలో ఉన్న రోజులలో సూర్యుని క్రాంతి దాదాపు సమానం. ఇక్కడ అది సుమారు 4 డిగ్రీల దక్షిణ క్రాంతి. అంటే రెండు వేర్వేరు తేదీలను ఒకే ద్వారదిశ వివరిస్తుంది. కిరణ ప్రసారానికి ద్వారం మీదుగా సూటి మార్గం ఉంటే అది ఏడాదిలో రెండుసార్లు, ఇలాంటి జంట తేదీలలోనే సంభవించాలి.

కనుక ఈ ప్రసిద్ధికి అంతర్గత సంగతత్వం ఉంది. అయితే ఇది నిర్మాత ఉద్దేశాన్ని రుజువు చేయదు. ఆలయం తరువాతి కాలంలో పునర్నిర్మాణం పొందింది. ఇప్పటి ద్వారాలు, మండపాలు ఏ దశకు చెందినవో నిర్ణయించి, అక్షం దిశను, ద్వారాల ఎత్తును, విగ్రహ స్థానాన్ని కొలిచినప్పుడే తదుపరి అడుగు సాధ్యం.

5. పంచభూత క్షేత్రాలు - రేఖాంశ వాదం:

కేదారనాథ్ నుండి రామేశ్వరం వరకు ప్రధాన శివక్షేత్రాలు ఒకే రేఖాంశంపై ఉన్నాయనే వాదం తెలుగువారికి సుపరిచితం. వాయులింగ క్షేత్రమైన శ్రీకాళహస్తి, గోదావరీ తీరాన ఉన్న కాళేశ్వరం ఇందులో చేరడమే దీనికి కారణం. శ్రీకాళహస్తి, కాంచీపురం 79.70 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, చిదంబరం 79.69 వద్ద ఉన్నాయి. మూడింటి మధ్య తూర్పు-పడమర వ్యత్యాసం సుమారు 0.7 కి.మీ. మాత్రమే. ఇది నిజంగా ఆశ్చర్యకరమైన సామ్యం.

తక్కినవి అలా లేవు. పంచభూత క్షేత్రాలలోనే తిరువణ్ణామలై ఈ రేఖకు సుమారు 68 కి.మీ., జంబుకేశ్వరం సుమారు 108 కి.మీ. పడమరగా ఉన్నాయి. కేదారనాథ్ సుమారు 60 కి.మీ., రామేశ్వరం సుమారు 42 కి.మీ. పడమరగా, కాళేశ్వరం సుమారు 22 కి.మీ. తూర్పుగా ఉన్నాయి. పెద్ద పటంలో మందపు గీత గీస్తే ఇవన్నీ దానిలో ఇమిడిపోతాయి. కొలిస్తే ఇమడవు.

ఇక ఆ మూడు క్షేత్రాల సామ్యం మాటేమిటి? ప్రాచీన జ్యోతిష్కులకు రేఖాంశ భావన లేదనడం పొరపాటు. సూర్యసిద్ధాంతం లంక, ఉజ్జయిని, కురుక్షేత్రాల మీదుగా మధ్యరేఖను కల్పించింది. చంద్రగ్రహణాన్ని గమనించిన కాలభేదాన్ని బట్టి దేశాంతరాన్ని తెలుసుకోమంది. అయితే ఒక డిగ్రీ రేఖాంశం 4 నిమిషాల కాలానికి సమానం. 24 సెకండ్ల విఘడియ మేర పొరపాటు జరిగితే స్థానం దాదాపు 11 కి.మీ. జరుగుతుంది. 0.7 కి.మీ. లోపు నిర్ణయించాలంటే గ్రహణకాలాన్ని ఒకటిన్నర సెకండు కచ్చితత్వంతో గుర్తించాలి. మసకగా ఉండే గ్రహణఛాయ అంచుతో ఇది అసాధ్యం. శంకుచ్ఛాయతో ఉత్తర-దక్షిణ రేఖ తీసి నేల మీద పొడిగించడం మరో మార్గం. అప్పుడు శ్రీకాళహస్తి నుండి చిదంబరానికి 260 కి.మీ. పొడవునా దిశాదోషం 0.15 డిగ్రీలు దాటరాదు. అంతటి సర్వే జరిగి ఉంటే దాని జాడ ఏ సిద్ధాంత గ్రంథంలోనో శాసనంలోనో కనిపించాలి.

మూడవ ప్రశ్న యాదృచ్ఛికతది. సుమారు 108 కి.మీ. వెడల్పు ప్రాంతంలో అయిదు స్థలాలు ఇష్టానుసారం పడితే, వాటిలో ఏవైనా మూడు 0.7 కి.మీ. పట్టీలో చేరే సంభావ్యత స్థూలంగా 800లో ఒకటి. అరుదైనదే. కాని మనం అడిగిన ప్రశ్న ఇదొక్కటే కాదు. ద్వాదశ జ్యోతిర్లింగాల నుండి 220 త్రయాలను, అష్టాదశ శక్తిపీఠాల నుండి 816 త్రయాలను ఎంచవచ్చు. పంచారామాలు, నవ నారసింహ క్షేత్రాలు వీటికి అదనం. ఒక్కొక్కదానిలో సమాన రేఖాంశం, సమాన అక్షాంశం, సరళరేఖ, సమాన దూరం వంటి పలు సంబంధాలను వెదకవచ్చు. ఇన్ని వందల అవకాశాలలో వెదికినప్పుడు 800లో ఒకటిగా తోచే సామ్యం ఎక్కడో ఒకచోట దొరకడం సహజం. దొరికినదే ప్రచారంలోకి వస్తుంది. దొరకనివి ఎవరి దృష్టికీ రావు.

కనుక రేఖాంశ వాదం అసత్యమని రుజువైందని కాదు, నిరూపణ కాలేదని మాత్రమే చెప్పగలం. పంచభూత భావన పవిత్రత ఈ రేఖపై ఆధారపడి లేదన్నది కూడా గుర్తించాలి. ఈ అయిదు క్షేత్రాలనూ కీర్తించిన తేవారకర్తలు వాటి మహిమను పాడారు గాని వాటి మధ్య గీతను కాదు.

6. ముగింపు:

పై నాలుగు ఉదాహరణలు ఒక క్రమాన్ని సూచిస్తాయి. శుల్బసూత్రాలలో నియమం స్పష్టం, ఉపపత్తి కూడా లభ్యం. వాస్తుమండలంలో నియమం ఉంది, కొలత దానిని ఆలయానికొకటిగా పరీక్షించాలి. అరసవల్లిలో నియమం లేకున్నా ప్రసిద్ధి పరీక్షకు లొంగుతుంది. రేఖాంశ వాదంలో ఎంచుకొన్న సామ్యం తప్ప మరొక ఆధారం లేదు.

తెలుగునాట ఈ దిశగా చేయవలసిన పని చాలా ఉంది. 7 - 8 శతాబ్దాల నాటి ఆలంపురం నవబ్రహ్మాలయాలలో తారకబ్రహ్మ మినహా తక్కినవి రేఖానాగర శిఖరాలతో ఉన్నాయి. ఒకే చోట, సమీప కాలాలలో వెలసిన ఇలాంటి ఆలయ సముదాయం నిష్పత్తుల అధ్యయనానికి ఎంతో అనువైనది. పరిశోధకుడు పరీక్షించదలచిన నియమాన్నీ, అనుమతించే దోష పరిమితినీ కొలతకు ముందే వ్రాసిపెట్టుకోవాలి. సరిపోని ఆలయాలను కూడా పట్టికలో చూపాలి. త్రాడు లాగి గీసిన వేది వైశాల్యానికి కారణం చూపనిదే ముందుకు సాగని ఆపస్తంబుని సంప్రదాయానికి మనం చేయగల న్యాయం ఇదే.