పాటకీ తెరకీ మధ్య ఒక వంపు

కచేరీలో గాయకుల వెనక ఎల్‌ఈడీ తెర మీద రంగులూ ఆకారాలూ పాటతో పాటే ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే, ధ్వనిని కంప్యూటర్ ఉన్నదున్నట్టు బొమ్మగా మార్చేస్తోందని అనుకుంటాం. నిజంగా ఉన్నదున్నట్టు మారిస్తే ఆ తెరను చూడలేం. సగం సేపు నల్లగా పడి ఉంటుంది, మిగతా సగం పిచ్చిగా మినుకుమంటుంది. ధ్వని నుంచి వచ్చే అంకెలకీ తెర మీద వెలిగే చుక్కలకీ నడుమ ఎవరో ఒక గణిత వక్రరేఖను పెట్టి ఉంటారు. ఎంత వస్తే ఎంత చూపాలో, ఎంత చురుగ్గా లేపి ఎంత నిదానంగా దించాలో ఆ రేఖ వంపే చెబుతుంది. ఈ కళలో పనితనం అంటూ ఉంటే అందులో పెద్ద వాటా ఈ వంపుదేనని నా వాదన. బొమ్మలు ఎంచుకోవడం దాని తర్వాతి మాట.

చెవి సరళరేఖలో వినదు. ధ్వని పీడనం పదింతలైతే కొలతలో 20 డెసిబెల్స్ పెరిగినట్టు. వినేవాళ్లకి మాత్రం అది సుమారు నాలుగింతలుగానే తోస్తుంది. ప్రేరణ రెట్లలో పెరుగుతుంటే అనుభూతి సమానమైన మెట్లలో పెరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఫెక్నర్ 1860లో సూత్రం కట్టాడు. హార్వర్డ్‌కి చెందిన స్టీవెన్స్ 1957లో దాన్ని కాదని ఘాతాల సూత్రం ముందుకు తెచ్చాడు. వాళ్లిద్దరి తగువు ఎలా తెగినా, సరళరేఖ పనికిరాదన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. తంబురా ఒక్కటే మోగే క్షణానికీ వాద్యాలన్నీ ఒక్కసారి విరుచుకుపడే క్షణానికీ 60 డెసిబెల్స్ తేడా ఉందనుకుందాం. పీడనంలో అది వెయ్యింతలు. పెద్ద మోతకి 1,000 చుక్కల ఎత్తు గీత గీస్తే తంబురాకి దక్కేది ఒక్క చుక్క. చెవికి హాయిగా వినబడుతున్నది కంటికి లేనట్టే. కొలతను తంబురా కంటే కాస్త కిందనుంచి మొదలుపెట్టి, బడి లెక్కల్లో చూసిన ఆ సంవర్గమానం తీసి గీస్తే దానికీ చోటు దొరుకుతుంది, మధ్యస్థంగా పాడే గొంతు తెర నడుముకి వస్తుంది. దీనికీ ఓ మూల్యం ఉంది. మైకులో నిత్యం ఉండే సన్నని బుస కూడా పైకి లేస్తుంది కాబట్టి, ఇంతకన్నా తక్కువైతే సున్నా అని ఒక నేల గీయక తప్పదు.

డీజే పాటల దగ్గరకొస్తే వ్యవహారం తలకిందులు. ఆ రికార్డింగుల్లో హెచ్చుతగ్గులను ముందే కంప్రెషన్‌తో అణిచేసి ఉంటారు. ఒకటిని గరిష్ఠంగా పెట్టుకుంటే అంకెలన్నీ 0.7కీ 0.9కీ మధ్యే కొట్టుకుంటాయి. ఇక్కడ సంవర్గమానం వాడితే తెర నిండా ఒకటే ఎత్తు. అందుకని ఘనం చేస్తారు: 0.9 కాస్తా 0.73 అవుతుంది, 0.7 కాస్తా 0.34కి పడుతుంది. రెండింటి మధ్య ఎడం దాదాపు రెట్టింపైంది. ఒక పాటకి పైకి వంగే రేఖ కావాలి, ఇంకో పాటకి కిందికి వంగేది. ఏ ఒక్క సూత్రాన్నో కంఠస్థం చేస్తే సరిపోదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

శ్రుతి విషయంలోనూ ఇదే గొడవ, ఇంకాస్త ముదిరి. ధ్వనిలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చకచకా తేల్చే పద్ధతిని 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించాక కంప్యూటర్లకి ఈ పని సులువైంది. సెకనుకి 44,100 నమూనాలున్న ధ్వనిలో 1,024 నమూనాలు తీసుకుంటే, 43 హెర్ట్జ్‌కి ఒకటి చొప్పున 512 సమానమైన అరలు వస్తాయి. సంగీతం సమానమైన అరల్లో నడవదు, రెట్టింపుల్లో నడుస్తుంది. మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి వెళ్తే కంపనాలు రెట్టింపవుతాయి. కాబట్టి ఆ 512లో పై సగం, అంటే 256 అరలు, కలిపి ఒకే ఒక్క స్థాయి. 440 హెర్ట్జ్ లోపలున్నదంతా, అంటే మృదంగం గంభీర నాదం, బేస్ గిటార్, పాడే గొంతు అడుగు స్వరాలు, పది అరల్లో ఇరుక్కుంటుంది. ఉన్నదున్నట్టు గీస్తే ఎడమ మూల కిక్కిరిసి, కుడి సగం దాదాపు పాడుబడి కనిపిస్తుంది. అడ్డంగా కూడా సంవర్గమానంతో వంచితేనే స్థాయికి స్థాయి సమానంగా పరుచుకుంటుంది.

అంకెలను ఇలా వంచడం మోసం కాదా, సంగీతంలో లేనిదాన్ని చూపించడం కాదా అని అడిగేవాళ్లున్నారు. వంచకపోవడం కూడా ఒక ఎంపికే. సరళరేఖను ఎంచుకున్నవాడు చెవి పనితీరును పక్కన పెట్టాడంతే. పైగా, కచ్చితంగా కొలవడానికే పుట్టిన పరికరాలూ ఈ పని చేశాయి. బీబీసీ స్టూడియోల్లో వాడిన పీక్ మీటర్ ముల్లు చటుక్కున పైకి లేచేది, 24 డెసిబెల్స్ కిందికి రావడానికి మాత్రం 2.8 సెకన్లు తీసుకునేది. ధ్వని అంత నిదానంగా తగ్గిందని కాదు, చూసేవాళ్ల కంటికి చదువుకునే వ్యవధి ఇవ్వడానికి అలా కట్టారు. ప్రసార ఇంజనీర్లకి లేని పట్టింపు దృశ్యకారులకి ఎందుకో నాకు అర్థం కాదు.

అంకెల ఎగుడుదిగుళ్లను ఇలా నునుపు చేస్తే వాద్యం దెబ్బ తెర మీద ఆలస్యంగా కనిపిస్తుందన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. లేవడానికీ దిగడానికీ ఒకే వంపు వాడితే అది నిజమే. పీక్ మీటర్ నేర్పినట్టు రెండింటినీ విడదీస్తే ఆ చిక్కు పోతుంది. డప్పు దెబ్బ పడిన ఫ్రేములోనే వెలుగు పూర్తిగా లేస్తుంది, ఆపైన ప్రతి ఫ్రేముకీ 0.9తో గుణిస్తూ దించుతారు. సెకనుకి 60 ఫ్రేములైతే సుమారు 110 మిల్లీసెకన్లలో వెలుగు సగమవుతుంది. అదే ప్రోగ్రాము 30 ఫ్రేములే ఇచ్చే పాత ల్యాప్‌టాప్ మీద నడిస్తే సగానికి దిగడానికి రెట్టింపు సమయం పట్టి, వేగమైన తాళంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ మాసిపోతుంది. క్షయాన్ని ఫ్రేములతో ముడిపెట్టకుండా గడియారంతో ముడిపెట్టాలి. చిన్న సంగతే, చాలామంది మరిచిపోయేదీ ఇదే. వెలుగును ఇలా నిదానంగా దించడంలో ఇంకో ప్రయోజనం ఉంది. తెర సెకనుకి మూడు సార్లకి మించి గట్టిగా మెరవకూడదని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. 1997 డిసెంబరులో జపాన్ టీవీలో ఒక పోకెమాన్ భాగం చూసిన పిల్లలు వందల్లో ఆసుపత్రి పాలైంది అలాంటి వేగమైన మెరుపుల వల్లే. దిగే వేగానికి కళ్లెం వేస్తే ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది.

వక్రరేఖకి సంగీతం అర్థం కాదు కదా అన్న మాటకి మాత్రం పూర్తి జవాబు లేదు. 2000ల మొదట్లో కంప్యూటర్లో విన్‌ఆంప్‌తో పాటలు విన్నవాళ్లు మిల్క్‌డ్రాప్ దృశ్యాలు చూసే ఉంటారు. ర్యాన్ గైస్ 2001లో విడుదల చేసిన ఆ ప్రోగ్రాము, బేస్ ఎంతుందో నేరుగా కొలిచి ఇవ్వదు. ఇటీవలి సగటుతో పోల్చి ఇస్తుంది. ఒకటి అంటే మామూలు, 1.3 దాటితే బాగా హెచ్చు, 0.7 కన్నా తక్కువైతే నెమ్మది. దాంతో ఏ పాట ఏ వాల్యూమ్‌లో పెట్టినా తెర బతికే ఉంటుంది. కానీ మంద్రంగా సాగే ఆలాపనా, హోరెత్తే ముగింపూ కొద్దిసేపటికే ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే సగటు కూడా పాటతో పాటే ఎక్కుతుంది. రెండు కొలతలు కలిపి వాడితే నష్టం కొంత తగ్గుతుంది. దెబ్బల కోసం కొద్ది సెకన్ల సగటుతో పోలిక, మొత్తం వెలుగు కోసం కచేరీ అంతటికీ ఒకే కొలబద్ద. అప్పుడు కూడా రాబోయే చరణంలో గాయని గొంతు తగ్గించి పాడబోతోందని ఆ రేఖలకి ముందే తెలియదు. అది తెలిసిన మనిషి మిక్సర్ పక్కన ఫేడర్ మీద వేలు ఆనించి కూర్చోవాలి. ఆ ఫేడర్‌ని సగానికి జరిపితే వెలుగు ఎంత తగ్గాలన్నదానికి కూడా మళ్లీ ఒక వంపు ఎంచుకోవాల్సిందే.